అమ్మ లావవుతోంది, టామాక్సిఫెన్ ఆపేస్తే తగ్గుతుందా?

రొమ్ము కేన్సర్ ఆపరేషన్ అయ్యి మూడేళ్లయినా అమ్మ బరువు పెరుగుతూనే ఉంది, కేన్సర్ మళ్లీ రాకుండా వేసుకునే టామాక్సిఫెన్ మాత్ర ఆపేస్తే తగ్గుతుందా అని అడిగారు. ముందు ఆ పని మాత్రం చేయకండి, డాక్టర్ని అడగకుండా ఒక్కరోజు కూడా ఆపొద్దు. నేనూ ఐదేళ్లు దాన్నే తిట్టుకున్నాను, కానీ మందు లేని ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోల్చి చూసినప్పుడు కూడా బరువులో పెద్ద తేడా కనబడలేదట.

నాకు 2017లో ఎడమవైపు ఆపరేషన్, అప్పుడు 44 ఏళ్లు. కీమోతో చిక్కి సగమైపోతాననుకుంటే 58 కిలోల నుంచి 67కి వచ్చాను. చివరి నాలుగు కీమోల ముందు డెక్సా అనే స్టెరాయిడ్ ఇచ్చేవారు, అది పడితే అర్ధరాత్రి కూడా ఆకలే. మూడో కీమోకే నెలసరి ఆగింది, మళ్లీ రాలేదు. రోజంతా మంచమే. అయినా నన్నడిగితే అసలు దోషులు పరామర్శకొచ్చిన చుట్టాలు. రక్తం పట్టాలమ్మా అని సున్నుండలు, ఖర్జూరాలు, హార్లిక్స్ సీసాలు మోసుకొచ్చి, ఏడాది తిరక్కుండా వాళ్లే "బాగా ఒళ్లు చేశావే, ఇంకేం భయం లేదులే!" అన్నారు.

2019లో మేనకోడలి పెళ్లికి జాకెట్లు కుట్టించుకుందామని పూర్ణామార్కెట్ దగ్గర మా పాత టైలర్ దగ్గరికెళ్లాను. ఆది జాకెట్టు చూసి "ఇది పనికిరాదమ్మా, కొత్తగా తీస్తాను" అని టేపు పట్టాడు. కుడి చెయ్యి పదకొండు అన్నాడు, ఎడమది పన్నెండున్నర. రాసుకుంటున్న కుర్రాడు "రెండు చేతులకీ రెండు రాయాలా మాస్టారూ?" అన్నాడు. ఆయన మళ్లీ కొలిచాడు, అంతే వచ్చింది. "అమ్మా, ఇది లావు కాదు, వాపులా ఉంది. గాజు ఎలా దిగబడిందో చూడండి." నిజమే, మణికట్టు చుట్టూ గాడి పడి ఉంది. ఆపరేషన్‌లో చంకలోని లింఫ్ గ్రంథులు తీసేస్తే చేతికి ఇలా నీరు చేరొచ్చని ఆసుపత్రిలో నాకెవరూ చెప్పలేదు. ఆఖరికి టైలర్ చెప్పాల్సొచ్చింది! ఆసుపత్రికెళ్తే వాపు తగ్గడానికి చేతికి బిగుతు తొడుగు ఇచ్చారు. మన వైజాగ్ ఉక్కపోతలో మే నెలంతా అది వేసుకోవడం ఎలా ఉంటుందో ఆ తొడుగు కనిపెట్టినవాడికి తెలియాలి.

అందుకే అమ్మగారికి కాటా ఒక్కటే చూడకండి, రెండు చేతులూ టేపుతో కొలవండి. థైరాయిడ్ కూడా ఓసారి చూపించండి. చాలామందికి కండ కరిగి ఆ చోట కొవ్వు చేరుతుంది, కాటాకి ఆ తేడా తెలీదు. నేను ఏడాదిపాటు పొద్దున్నే బండ్లు ఆపేసే టైముకి బీచ్ రోడ్డులో నడిచాను, తగ్గింది ఒక్క కిలో (సాయంత్రాలు అదే బీచ్‌లో మూరీ మిక్చర్ తిన్నాను లెండి). ఫిజియో ఆవిడ అరలీటరు నీళ్ల సీసాలతో మొదలుపెట్టి మెల్లగా బరువులు ఎత్తించాకే మెట్లెక్కడానికి ఓపికొచ్చింది. బరువులెత్తితే వాపు పెరుగుతుందని వణికాను, తొడుగు వేసుకుని నెమ్మదిగా పెంచితే ఏమీ కాలేదు. రాత్రి అన్నం మానేసి చోడి అంబలి తాగుతున్నాను.

ఇప్పుడు 64 కిలోలు. మళ్లీ 58 అవుతానని అనుకోవట్లేదు. టైలర్ పుస్తకంలో నా పేరు కింద ఇప్పటికీ చేతి కొలతలు రెండుంటాయి, కిందటి నెల తేడా అరంగుళమే వచ్చింది.