బండికి తాళం కొనే ముందు, దాన్ని కట్టే చోటు చూసుకోండి

విజయనగరంలో గేటు లేని అద్దె పోర్షనులో ఉంటున్నామని, కొత్తగా కొన్న 125 సీసీ బండిని రాత్రిపూట వీధిలోనే నిలపాల్సి వస్తోందని, డిస్క్ లాక్ (బ్రేకు డిస్కుకు వేసే తాళం), చైన్ లాక్, జీపీఎస్ మూడింటిలో ఏది కొనాలో చెప్పమని మీరు అడిగారు. నేనూ ఇదే ఊళ్లో, కోటకు దగ్గరలోని ఒక సందులో, అచ్చం మీలాంటి ఇంట్లోనే చాలా ఏళ్లుగా ఉంటున్నాను. ఒక బండి పోగొట్టుకున్నాను, రెండో బండిని దక్కించుకున్నాను. అందుకే గట్టిగా చెబుతున్నాను: కదలని దానికి బండిని కట్టని తాళం ఎంత ఖరీదైనదైనా దండగే.

మొదటి బండి 2019 కార్తీక మాసంలో పోయింది. దీపాలు పెట్టడానికి తెల్లవారుజామున లేచి తలుపు తీసిన మా అమ్మ, "బాబూ, బండి ఏదిరా, వీధిలో నేదు" అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఏపీ 35 నంబరున్న ఎనిమిదేళ్ల నాటి వంద సీసీ బండి అది. రాత్రి హ్యాండిల్ లాక్ వేశానని నాకు బాగా గుర్తు, ఎందుకంటే తాళంచెవి అరిగిపోయి రెండు మూడుసార్లు తిప్పితే గాని పడేది కాదు. స్టేషనులో ఫిర్యాదు రాసుకున్న కానిస్టేబులుగారు ఆ మాట విని, హ్యాండిల్ లాక్ అంటే లోపల చిటికెన వేలంత పిన్ను మాత్రమేనని, దాన్ని విరవడానికి బండి హ్యాండిలే మీటగా పనికొస్తుందని, బలమున్న మనిషికి అది క్షణాల్లో పని అని ఓపికగా వివరించారు. అప్పటిదాకా ఆ పిన్నును నమ్ముకుని ఎనిమిదేళ్లు హాయిగా నిద్రపోయాను. నా బండి 26వ నంబరు జాతీయ రహదారి మీదుగా సాలూరు దాటి, తెల్లారకముందే ఒడిశా చేరిపోయిందని నా గట్టి నమ్మకం.

అంతకంటే బాధ కలిగించిన సంగతి బీమా. ఏటా డబ్బు కడుతున్నాను కదా అనుకుంటూ కాగితాలు తీసుకుని వెళితే, అది మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి మాత్రమే పనికొచ్చే థర్డ్ పార్టీ పాలసీ అని, దొంగతనానికి పైసా రాదని తేలింది. కొత్త బండి కొన్నవారు దీన్ని మరింత శ్రద్ధగా చూసుకోవాలి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది గనుక, పాలసీ కాగితం మీద ఐదేళ్ల తేదీ చూసి అందరూ నిశ్చింతగా ఉంటున్నారు. దొంగతనానికి పరిహారం ఇచ్చే ఓన్ డ్యామేజ్ భాగం మాత్రం చాలా పాలసీల్లో మొదటి ఏడాదితోనే అయిపోతుంది. ఆ తేదీ విడిగా రాసుకోండి. బండితో వచ్చిన రెండు తాళంచెవులూ జాగ్రత్త చేయండి, ఎందుకంటే క్లెయిము సమయంలో రెండూ ఇమ్మని అడుగుతారు. ఆర్‌సీ అసలు కాగితాన్ని బండి పెట్టెలో ఉంచే అలవాటు ఉంటే ఈ రోజే మానండి.

మరుసటి ఏడాది రెండో బండి కొన్నప్పుడు, షోరూము నుంచి ఇంటికి రాకముందే, బండిని కట్టే రింగు చేయించడానికి వెల్డింగ్ షాపుకు వెళ్లాను. పదహారు మిల్లీమీటర్ల ఇనుప ఊచను గుర్రపు నాడాలా వంచి, భూమిలో ఉండే రెండు కాళ్ల చివర్లను బయటికి ఎడంగా తిప్పించాను, అలా తిప్పితే పైకి లాగినా ఊడిరాదు. మా అరుగు పక్కన అడుగు లోతు గొయ్యి తీయించి, దాన్ని కాంక్రీటులో దింపి, వారం రోజులు నీళ్లు పోశాను. మా ఇంటి యజమానిగారు వచ్చి చూసి, "రేపు నువ్వు ఖాళీ చేసెల్లిపోతే ఈ రింగేటి చేస్తావు బాబూ?" అని అడిగారు. "మీకే వదిలేస్తాను మావయ్యగారూ, మీ అబ్బాయి బండికి పనికొస్తుంది" అన్నాను. పది మిల్లీమీటర్ల లావున్న, గట్టిపరచిన ఉక్కు గొలుసు, దానికి తగిన కప్ప కలిపి నాకు రెండు వేల మూడు వందలయ్యాయి. మూడు కిలోల బరువుంటుంది. ప్రతి రాత్రీ వెనక చక్రంలోంచి, దాన్ని పట్టి ఉంచే ఇనుప చట్రం (స్వింగ్ ఆర్మ్) లోపలి నుంచి తీసి రింగుకు వేసేవాడిని. ముందు చక్రానికి వేస్తే లాభం లేదు, ఒక్క ఇరుసు (యాక్సిల్) విప్పితే చక్రాన్ని రింగు దగ్గరే వదిలేసి మిగతా బండి పట్టుకుపోవచ్చు.

2022లో కనుమ రాత్రి దానికి పరీక్ష వచ్చింది. సందులో సగం ఇళ్లవాళ్లు పండక్కి ఊళ్లకు వెళ్లిపోయారు. రాత్రి రెండు గంటల వేళ వీధికుక్క అదే పనిగా మొరిగింది, పండగ రోజుల్లో మామూలే అనుకుని నేను లేవలేదు. పొద్దున్న చూస్తే, ఎడమవైపు తిప్పి లాక్ వేసిన బండి హ్యాండిల్ కుడివైపు తిరిగి ఉంది, అంటే హ్యాండిల్ లాక్ విరిచేశారు. గొలుసు మీది గుడ్డ తొడుగు ఒకచోట జానెడు మేర చీలి ఉంది. ఆ చీలికలో బయటపడిన లంకె మీద, ఎదురెదురుగా రెండు వైపులా, గోరు దిగేంత లోతున, గొలుసులు తెంచే పొడవాటి పిడుల కటరు పళ్ల ముద్రలు మెరుస్తున్నాయి. నేను నేల మీద కూర్చుని ఆ లంకెను చాలాసేపు వేలితో తడిమి చూశాను. దానికి తడి మట్టి అంటుకుని ఉంది. పక్కనే నేలలో కటరు పిడి గుచ్చుకున్న గుంట కనిపించింది. అప్పుడు నాకు విషయం అర్థమైంది. నేను గొలుసును వదులుగా వేసినందువల్ల అది నేలను తాకుతూ ఉంది. కటరు ఒక పిడిని నేలకు ఆనించి, రెండో పిడి మీద ఒంటి బరువంతా వేసి నొక్కే వీలు నేనే వాళ్లకు కల్పించాను. గొలుసు అంతకంటే సన్నగా ఉంటే ఆ ఒక్క నొక్కుకే తెగిపోయేది. ఆనాటి నుంచి గొలుసును బిగుతుగా చుట్టి, నేలను తాకకుండా నిలిచేలా వేస్తున్నాను. కప్ప తాళం రంధ్రం కిందికి ఉండేలా చూస్తాను, వాన నీరు లోపలికి దిగదు.

ఇక డిస్క్ లాక్ సంగతి. మీ బండికి ముందు చక్రానికి డిస్కు బ్రేకు ఉందో లేదో మీరు రాయలేదు, 125 సీసీలో డ్రమ్ము బ్రేకు బండ్లు చాలా ఉన్నాయి, వాటికి ఈ తాళం పట్టదు. డిస్కు ఉన్నా, అది బండిని దొర్లనివ్వదే తప్ప ఎత్తుకుపోకుండా ఆపలేదు. నూట ఇరవై కిలోల బండిని ముగ్గురు కలిసి చిన్న ట్రక్కులో పెట్టడం ఎంతసేపు? పైగా పొద్దున్న హడావిడిలో తాళం మరచి బండి కదిలిస్తే చక్రం అర చుట్టు తిరిగి, తాళం ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కుకు తగులుతుంది, మనిషి రోడ్డు మీద పడతాడు. కొంటే మాత్రం తాళం నుంచి హ్యాండిల్ దాకా రంగు తాడు కట్టుకోండి. బజారుకు వెళ్లి పది నిమిషాలు ఆగేచోట దాని ఉపయోగం ఉంది, రాత్రికి చాలదు. హెల్మెట్‌తో పాటు అంటగట్టే కేబుల్ తాళాలను మాత్రం చేతికి కూడా తీసుకోకండి. పైన ప్లాస్టిక్ తొడుగు బొటనవేలంత లావుగా కనిపిస్తుంది, లోపలి తీగ పెన్సిలంత కూడా ఉండదు. జనం ఆ లావు చూసి ధైర్యపడి బండిని చీకట్లో వదిలేస్తున్నారు, నాకు అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

జీపీఎస్ బండి పోయాక వెతకడానికే గాని పోకుండా ఆపడానికి కాదు. లోపల సొంత బ్యాటరీ లేనిదైతే, బండి బ్యాటరీ వైరు తీయగానే మూగబోతుంది. సిమ్ము రీచార్జి మరచిపోయినా అంతే. పాత కార్బురేటరు బండ్లకు పెట్రోలు కాకు (ట్యాంకు కింది కుళాయి) కట్టేసే చిన్న ఉపాయం ఉండేది, కాస్త దూరం వెళ్లాక బండి ఆగిపోయేది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చి, చాలా బండ్లు కార్బురేటరు లేని ఫ్యూయల్ ఇంజెక్షన్‌వి అయ్యాక వాటిలో ఆ వీలూ పోయింది. సీటు కింద, ఇంజను స్టార్టు కాకుండా ఆపే రహస్య స్విచ్చు పెట్టిస్తే మంచిదే, కాని కొత్త బండి వైరింగ్ కోస్తే వారంటీ పోవచ్చు, కాబట్టి వారంటీ తీరేదాకా ఆగండి.

మన పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజున మాత్రం రింగు ఎక్కడ దొరుకుతుంది? కోట చుట్టూ, మూడు లాంతర్ల కూడలి వైపు బండ్లు వెళ్లనివ్వరు గనుక అందరం ఎక్కడో దూరంగా వదిలి నడుస్తాం. అప్పుడు నేనూ మా బావమరిదీ రెండు బండ్లనూ వెనక భాగాలు దగ్గరగా ఉండేలా, చెరో దిక్కుకు ముఖం పెట్టి నిలిపి, రెండింటి వెనక చక్రాలనూ ఒకే గొలుసుతో కలిపి కట్టేస్తాం. ఒకటి కదలాలంటే రెండోది వెనక్కి నడవాలి.

మీ ఇంటి ముందు నేల మట్టిదైతే పైన చెప్పినట్టు గొయ్యి తీయించి ఊచ దింపించండి. ఇప్పటికే కాంక్రీటు గచ్చు ఉంటే గచ్చులో తొలిచిన రంధ్రాల్లో బిగుసుకునే నాలుగు యాంకర్ బోల్టులతో రింగు బిగించవచ్చు. ఇటుక గోడకు, కిటికీ ఊచలకు, నీళ్ల పైపుకు మాత్రం కట్టకండి, అవి గొలుసుకంటే ముందే ఊడిపోతాయి. యజమానిని ముందుగా అడగండి, ఖర్చు మీదే అంటే సాధారణంగా ఒప్పుకుంటారు. బోల్టులు బిగించాక నట్లను అలాగే వదిలేస్తే పానాతో విప్పేస్తారు, అందుకని వెల్డింగ్ చేసే అతన్ని ఇంటికి పిలిచి నట్టును బోల్టుకు అతికించమని చెప్పండి, అతను నాలుగింటికీ చుక్క పెట్టేదాకా పక్కనే నిలబడి చూసుకోండి.