మెదడు మాత్రలు సరే, ముందు నీ కాళ్ళ సంగతి చూడు

చిన్నా,

నువ్వు పంపిన క్యాప్సూల్ డబ్బా ఫొటోలు చూశాను. ముందు వైపు ఇంతింత అక్షరాలతో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, చురుకుదనం అని వేశారు. వెనక వైపు, ఫొటోని లాగి పెద్దది చేస్తే గానీ కనబడని అక్షరాల్లో గింకో అనే చెట్టు ఆకుల సారం, పసుపులోని కర్క్యుమిన్, రెస్వెరట్రాల్, గ్రీన్ టీ సారం, కెఫీన్, ఇంకా నోరు తిరగని పేర్లు కొన్ని ఉన్నాయి. వాటన్నిటికీ కలిపి ‘ప్రొప్రైటరీ బ్లెండ్’ అని ఒకే ఒక్క అంకె వేశారు. అంటే అందులో ఏది ఎంత వేశారో చేసినవాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలీదన్నమాట. ఇవి వాడొచ్చా పెద్దమ్మా, వేసుకుంటే చురుగ్గా ఉన్నట్టే ఉంది, నాన్నకి కూడా ఇస్తున్నాను అని రాశావు.

ముందు నాన్నగారి సంగతి. ఆయన రక్తం పలచబడే మందు వాడుతున్నారు కదా, గింకో దానికి తోడైతే రక్తస్రావం అయ్యే ప్రమాదం పెరగొచ్చు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకో, ముందు ఫోన్ చేసి ఆ డబ్బా పక్కన పెట్టించు, వాళ్ళ డాక్టర్‌ని అడిగేదాకా ముట్టుకోవద్దని చెప్పు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు డబ్బా చేత్తో పట్టుకెళ్ళమను. ఎందుకంటే మూలికలంటే అసలు మందుల లెక్కలోకే రావనుకుని, ఇంకేం వాడుతున్నారు అని అడిగితే ఏమీ లేదండీ అని చెప్పేసి వచ్చేవాళ్ళే ఎక్కువ.

ఇక నీ చురుకుదనం. అది కెఫీన్ పని నాయనా. మెదడులో అలసటని తెలియజేసే అడినోసిన్ అనే పదార్థం కూర్చోవలసిన చోట కెఫీన్ వెళ్ళి కూర్చుంటుంది, అందుకని అలసట తెలీదు, అలసట పోయినట్టు మాత్రం కాదు. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి ఇంకో క్యాప్సూల్ వేసుకుంటున్నానన్నావు, రాత్రి నిద్ర సరిగా పట్టడం లేదనీ నువ్వే రాశావు, నిద్ర చాలక పొద్దున పేర్లు గుర్తు రాకపోతే మళ్ళీ క్యాప్సూల్. ఈ గొలుసు తెంపడానికి పెద్ద సైన్సు అక్కర్లేదు.

గింకో మీద చిన్నాచితకా కాదు, గట్టి పరీక్షే జరిగింది. అమెరికాలో 75 ఏళ్ళు దాటినవాళ్ళు 3,000 మందికి పైగా తీసుకుని, సగం మందికి రోజుకి 240 మిల్లీగ్రాముల గింకో, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఆరేళ్ళ పాటు చూశారు. 2008లో ఫలితం బయటికొచ్చింది. డిమెన్షియా, అంటే మతి సన్నగిల్లిపోయే జబ్బు, రావడంలో ఏ తేడా లేదు. ఒమేగా-3 కొవ్వుల్లో ఒకటైన డీహెచ్‌ఏ కూడా అంతే, మెదడు కణాల పొరల్లో అది పుష్కలంగా ఉంటుందన్నది నిజమే, కానీ అల్జైమర్స్ అనే రకం డిమెన్షియా మొదలైనవాళ్ళకి రోజుకి రెండు గ్రాములు ఏడాదిన్నర ఇచ్చి చూస్తే జబ్బు నడక నెమ్మదించలేదు. కర్క్యుమిన్‌ది ఇంకో తంటా. గాజు గిన్నెలో కణాల మీద పోస్తే బ్రహ్మాండంగా పనిచేస్తుంది, నోటి ద్వారా తీసుకుంటే రక్తంలోకి చేరేది అత్యల్పం. మిరియాల్లోని పైపరిన్ కలిపితే ఎక్కువ చేరుతుందని దాన్నీ కలిపి అమ్ముతున్నారు. అదే పైపరిన్ వేరే మందులు ఒంట్లోంచి పోకుండా కూడా ఆపగలదు, ఆ సంగతి మాత్రం డబ్బా ముందు వైపు ఎవరూ వెయ్యరు.

అలాగని ఆహారంలో పదార్థాలన్నీ వట్టివని నేననడం లేదు. ఒక సూత్రం పట్టుకున్నావంటే ఏ డబ్బా చూసినా నీకే తెలిసిపోతుంది: లోటు ఉన్నచోట పోస్తే పనిచేస్తుంది, నిండిన చోట పోస్తే పొర్లిపోతుంది. కోకో గింజల్లో ఫ్లేవనాల్స్ అని ఉంటాయి. 3,500 మందికి పైగా పెద్దవాళ్ళ మీద మూడేళ్ళు పరీక్షించి 2023లో చెప్పిందేమిటంటే, అందరినీ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు, కానీ మొదటినుంచీ తిండి నాసిగా ఉండి ఫ్లేవనాల్స్ తక్కువ తింటున్నవాళ్ళకి మాత్రం జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. విటమిన్ బీ12 సంగతి ఇంకా స్పష్టం. అది తగ్గితే మతిమరుపు, తిమ్మిర్లు, నీరసం అన్నీ వస్తాయి, చూసేవాళ్ళు వయసు మీద పడిందనుకుంటారు. వేళకి పట్టుకుంటే సరిచేసుకోవచ్చు. పాలు, గుడ్డు, మాంసం, చేప ఏదీ ముట్టనివాళ్ళకి, షుగర్ కోసం ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళకి, ఎసిడిటీ మాత్రలు మానకుండా మింగేవాళ్ళకి అది తగ్గే అవకాశం ఎక్కువ. నాన్నగారు మెట్‌ఫార్మిన్ కూడా వాడుతున్నారు కాబట్టి ఆ రక్తపరీక్ష చేయించు. నువ్వూ చేయించుకో.

మరి మనలో దాదాపు ప్రతివాడికీ ఉన్న లోటు ఏమిటో తెలుసా? కదలిక. నీకైతే నిండా ఉంది ఆ లోటు. పొద్దున కుర్చీలో కూర్చున్నవాడివి చీకటి పడ్డాక లేస్తున్నావు.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే, ఖర్చు మాత్రం ఇరవై శాతం. అంత తిండి, అంత ఆక్సిజన్ మోసేది రక్తనాళాలే, అవి పాడైతే మెదడుకి ఏ సీసాలోది పోసినా అందదు. వ్యాయామం మొదట చేసే మేలు అక్కడే, బీపీ, షుగర్ అదుపులో పెట్టి సన్నటి నాళాలని కాపాడటం. రెండోది ఇంకా తమాషా. కండరం పనిచేస్తున్నప్పుడు రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతుంది, ఆయాసం వచ్చినప్పుడు పుట్టే లాక్టేట్ కూడా అందులో ఒకటి. ఇవి మెదడు దాకా వెళ్ళి అక్కడ బీడీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్ తయారీని పెంచుతాయని ఎలుకల్లో చూశారు. నాడీ కణాలు బతకడానికీ, ఒకదానితో ఒకటి కొత్త లంకెలు వేసుకోవడానికీ కావలసింది ఆ ప్రొటీనే. చక్రం మీద పరిగెత్తిన ఎలుకల హిప్పోక్యాంపస్‌లో, అంటే కొత్త జ్ఞాపకాలు పడే చోట, కొత్త కణాలు పుడతాయని 1999లోనే తేలింది. మనుషుల్లో పెద్దయ్యాక అలా పుడతాయా లేదా అన్నది ఇంకా గొడవే, 2018లో ఒకరు పుట్టవని, నెల తిరక్కముందే ఇంకొకరు పుడతాయని రాశారు. నడిచేవాళ్ళు ఆ తీర్పు కోసం ఆగక్కర్లేదు.

ఎందుకంటే మనుషుల మీద నేరుగా చూసినదే ఉంది. 2011లో ఒక పరిశోధన వచ్చింది, పెద్దగా నడక అలవాటు లేని వృద్ధులు 120 మంది. సగం మంది వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిచారు, మిగతావాళ్ళు ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేశారు. ఏడాది తర్వాత స్కాన్ చేస్తే నడిచినవాళ్ళ హిప్పోక్యాంపస్ రెండు శాతం పెరిగింది, రెండో గుంపులో 1.4 శాతం తగ్గింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం రెండు గుంపులూ మెరుగయ్యాయి, ఈ ముక్క చాలామంది మింగేస్తారు. అయితే నడిచినవాళ్ళలో ఎవరికి ఎక్కువ పెరిగిందో వాళ్ళకి జ్ఞాపకం కూడా ఎక్కువ మెరుగైంది. నాకు అన్నిటికంటే నచ్చింది వాళ్ళు మొదలుపెట్టిన తీరు. మొదటి వారం పది నిమిషాలే. వారానికి ఐదు నిమిషాల చొప్పున కలుపుకుంటూ ఏడో వారానికి 40కి చేరారు. నువ్వూ నాన్నగారూ అలాగే మొదలుపెట్టండి. ఫిజియోథెరపీలో ఇన్నేళ్ళు పనిచేశాను, మొదటి రోజే గంట నడిచేసి మోకాళ్ళు పట్టేశాయని పదో రోజున మానేసినవాళ్ళని ఎంతమందిని చూశానో లెక్కలేదు.

ఎంత వేగం అంటావు, వాచీలో అంకెలు చూడకు. పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, కానీ పాట పాడబోతే ఊపిరి ఆడకూడదు. ఆ మధ్యలో ఉంటే సరైన వేగంలో ఉన్నట్టు. నడుస్తూ ఫోన్‌లో ఆఫీసు కాల్ మొత్తం హాయిగా పూర్తి చేశావంటే అది షికారు కింద లెక్క. వారానికి మొత్తం 150 నిమిషాలకి తగ్గకుండా చూసుకో, రెండు రోజులు బరువులో, గోడని తోసే వ్యాయామాలో, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడమో ఏదో ఒకటి కండరాల కోసం. నాన్నగారికి బ్యాలెన్స్ కూడా ముఖ్యం, కిచెన్ గట్టు పట్టుకుని ఒక కాలి మీద నిలబడటం, ఒక కాలి వేళ్ళ ముందు రెండో కాలి మడమ ఆన్చి నడవటం, వారానికి మూడు రోజులు. పడి తలకి దెబ్బ తగిలితే మెదడుకి అదో కొత్త ముప్పు. నడుస్తున్నప్పుడు గుండెల్లో బరువుగా ఉన్నా, కళ్ళు తిరిగినా ఆగిపోవాలి, మొహమాటపడి నడవకూడదు.

వ్యాయామమూ తిండీ కలిస్తే ఏమవుతుందని కూడా అడిగావు. కొవ్వూ పంచదారా దట్టించిన తిండి పెడితే ఎలుకల్లో బీడీఎన్‌ఎఫ్ పడిపోయింది, అదే తిండి తింటూ పరిగెత్తినవాటిలో ఆ నష్టం పూడింది, డీహెచ్‌ఏ పెట్టి పరిగెత్తిస్తే రెండూ కలిసి ఇంకా మేలు చేశాయి. ఎలుకల సంగతి ఎలుకలదే అనుకో, అయినా దారి చూపిస్తుంది. దీనికి తిరకాసు కూడా ఉంది. 2009లో కొందరు యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించి, సగం మందికి రోజూ విటమిన్ సి వెయ్యి మిల్లీగ్రాములు, దాంతోపాటు విటమిన్ ఇ ఇచ్చారు. మాత్రలు వేసుకోనివాళ్ళ ఒంట్లో ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలుపెట్టింది, వేసుకున్నవాళ్ళకి ఆ లాభం రాలేదు. వ్యాయామం వల్ల కలిగే చిన్నపాటి ఒత్తిడే ఒంటికి సంకేతం, ఈ విటమిన్లలాంటి యాంటీఆక్సిడెంట్లు పెద్ద మోతాదులో ఆ సంకేతాన్నే నొక్కేస్తాయని వాళ్ళు చెప్పిన కారణం. పండ్లు తినడానికి దీనితో సంబంధం లేదు, అంత మోతాదు కంచంలోంచి రాదు. కాబట్టి తిండి విషయంలో చాదస్తాలు పెట్టుకోకు. ఆకుకూరలు, పప్పుధాన్యాలు, గింజలు, పండ్లు, తినేవాళ్ళయితే చేపలు ఎక్కువగా, పంచదార, ప్యాకెట్ తిండి తక్కువగా. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఒక్క విషయంలో ఆశ పెంచుకోకు. డిమెన్షియా వచ్చేసినవాళ్ళతో బాగా కష్టమైన వ్యాయామం చేయించి చూశారు బ్రిటన్‌లో, ఒంట్లో సత్తువ పెరిగింది గానీ మతి తగ్గడం ఆగలేదు. అందుకే నలభైల్లోనే మొదలుపెట్టమంటున్నాను. ఫిన్లాండ్‌లో మాత్రం ముప్పు ఉండీ ఇంకా జబ్బు రానివాళ్ళు, 60 నుంచి 77 ఏళ్ళ మధ్యవాళ్ళు 1,260 మందిని తీసుకుని, సగం మందికి తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ, కొలెస్ట్రాల్ చూడటం అన్నీ కలిపి రెండేళ్ళు చేస్తే, మామూలు సలహాలు మాత్రమే ఇచ్చినవాళ్ళకంటే మెదడు పనితీరు పరీక్షల్లో వీళ్ళు మెరుగ్గా ఉన్నారు. వీటిలో ఏ ఒక్కదాని వల్ల అని విడదీసి చెప్పలేం.

నాన్నగారు టీవీ సౌండ్ పెంచుతున్నారని మీ అమ్మ విసుక్కుంటోంది కదా, అదీ వదిలేయకు. వినికిడి తగ్గడం కూడా డిమెన్షియా ముప్పుల జాబితాలో ఉంది, మిషన్ పెట్టుకోవడానికి నామోషీ పడతారు, నువ్వు చెప్తే వింటారు. ఈ వారంలో ఇద్దరూ బీ12, షుగర్, కొలెస్ట్రాల్ చేయించుకోండి, బీపీ వరసగా కొన్ని రోజులు ఒకే వేళకి చూసి రాసిపెట్టండి. రిపోర్టులు ముందు డాక్టర్‌కి చూపించి, తర్వాత నాకూ పంపు. సాయంత్రం క్యాప్సూల్ ఇవాళ్టినుంచే మానెయ్.

— పెద్దమ్మ