సెవెంత్ గెస్ట్‌లో కేక్ దగ్గర ఆగిపోయారా? ఇలా కోయండి

‘ది సెవెంత్ గెస్ట్’ అనే పాత కంప్యూటర్ పజిల్ గేమ్‌లో కేక్‌ని సమాన వాటాలుగా కోయలేకపోతున్నానని ఒకరు అడిగారు. ముక్కలు కోస్తూ పోతే కేక్ మీది పుర్రెల్లో ఒకటి చివర్లో ఎప్పుడూ విడిగా మిగిలిపోతోందన్నారు. గేమ్ జరిగే చోటు, అంటే స్టాఫ్ అనే మనిషి బంగళాలో అడుగుపెట్టిన వాళ్లకి డైనింగ్ రూమ్‌లో మొదట్లోనే తగిలే చిక్కు ఇది. గేమ్ వచ్చిన 1993లో ఆడినవాళ్లూ దీని దగ్గరే తలపట్టుకున్నారు, టెన్షన్ వద్దు.

కేక్‌లో మొత్తం 30 గడులు, వాటాలు ఆరు. ఒక్కో వాటాకి రెండు పుర్రెలు, రెండు సమాధి రాళ్లు, ఒక ఖాళీ ముక్క రావాలి, అవి పక్కపక్కనే ఉండాలి. అందరూ పుర్రెల్నే చూస్తారు. మీరు ఖాళీ ముక్కల్ని చూడండి. అవి ఆరే, వాటాకి ఒకటే. అంటే రెండు ఖాళీ ముక్కలు ఆనుకుని ఉంటే వాటి మధ్య కత్తి పడాల్సిందే. నేను కాగితం మీద గడులు గీసుకుని, ముందు ఆ గీతలే పెట్టుకున్నాను. తర్వాత మూలల నుంచి మొదలుపెట్టండి, మూల గడికి పక్క గడులు రెండే కాబట్టి దారులు తక్కువ. కోసిన ప్రతిసారీ మిగిలిన భాగం రెండుగా చీలిందేమో చూడండి. చీలితే, ఒక్కో తునకలో గడుల లెక్క ఐదుతో భాగించబడాలి. లేదంటే ఆ కోత తప్పు, వెనక్కి వెళ్లండి.

అప్పటికీ రాకపోతే ఆ బంగళా లైబ్రరీలో ఒక పుస్తకం ఉంది, సూచనలిస్తుంది. మరీ మరీ అడిగితే పజిల్‌ని అదే తేల్చేస్తుంది. కానీ అలా చేస్తే ఆ గదిలో దెయ్యాల సీను చూడలేరు. ఈ గేమ్‌లో అసలు మజా ఆ సీన్లే, నన్నడిగితే.