‘కావాలని చేయలేదు’ అంటే నిర్లక్ష్యం కేసు నుంచి బయటపడొచ్చా?

బయటపడలేరు, కోర్టు చూసేది మీ ఉద్దేశాన్ని కాదు, ఆ పరిస్థితిలో మామూలు తెలివిగల మనిషి తీసుకునే జాగ్రత్త మీరు తీసుకున్నారా లేదా అన్నది. ఎవరి శక్తిని బట్టి వాళ్లకో కొలత పెడితే దెబ్బ తిన్నవాడికి దిక్కుండదు. అందుకే 1971లో ఇంగ్లండ్ కోర్టు, కారు నేర్చుకునేవాళ్లకీ చేయి తిరిగిన డ్రైవర్ కొలతే వర్తిస్తుందని చెప్పింది.

నల్లగొండ పల్లెల్లో యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. పొద్దుగూకగానే కుప్ప చేసి, నల్ల టార్పాలిన్ కప్పి, అంచుల్లో బండరాళ్లు పెడతారు. చీకట్లో ఆ రాయి కనపడదు. బైకు తగిలి మనిషి పడితే, కోర్టు తూచేది మూడు సంగతులు: ప్రమాదం ముందే ఊహించదగినదా, దెబ్బ ఎంత పెద్దది కావచ్చు, తప్పించడానికి ఎంత ఖర్చయ్యేది. ఒకవైపు ప్రాణం, మరోవైపు రాళ్లకు బదులు ఇసుక సంచులు, నాలుగు రేడియం స్టిక్కర్లు. కల్లం లేక రోడ్డెక్కిన రైతు కష్టం నిజమే, కానీ ఈ తూకంలో అది సరిపోదు. బైకు అతివేగంగా వస్తే మాత్రం, ఆ తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది.

చాలామంది నష్టం జరిగిందంటే నిర్లక్ష్యం ఉన్నట్టే అనుకుంటారు. అది పొరపాటు. వైద్యం చేసినా రోగి దక్కనంత మాత్రాన డాక్టర్ తప్పు చేసినట్టు కాదని 2005లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ వృత్తిలో ఉండాల్సిన సాధారణ నైపుణ్యం చూపారా అన్నదే ప్రశ్న.