ఉచిత ఈఎస్ఎక్స్ఐ మీద వీసెంటర్ పెడితే లైసెన్స్ దేనికి కావాలి?

ప్రశ్న: విజయవాడలో మాకు బిల్లింగ్ పనులు చేసే చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. మూడు సర్వర్లున్నాయి. ఒక్కోదానిలో రెండు ప్రాసెసర్లు, ప్రాసెసర్‌కి 12 కోర్లు. మూడింట్లోనూ, ఒకే సర్వర్‌ను అనేక కంప్యూటర్లలా (వర్చువల్ మెషీన్లుగా) వాడుకునేందుకు వీఎంవేర్ కంపెనీ ఇచ్చే ఉచిత ఈఎస్ఎక్స్ఐ వేసుకున్నాం. మూడుచోట్లా విడివిడిగా లాగిన్ అవ్వాల్సి వస్తోందని మా సిస్టమ్స్ కుర్రాడు ఎక్కడిదో ఒక లైసెన్స్ కీ పెట్టి, సర్వర్లన్నింటినీ ఒకేచోట నుంచి నడిపే వీఎంవేర్ వారి వీసెంటర్ ఎక్కించాడు. ఇప్పుడు మూడూ ఒకే స్క్రీన్ మీద కనిపిస్తున్నాయి. మొన్న, లైసెన్సుల వివరాలు పంపమంటూ ఈమెయిల్ వచ్చింది. మూతపడిన ఒక కంపెనీ వాళ్లు తమ పాత ఎసెన్షియల్స్ కిట్ (చిన్న కంపెనీల కోసం వీఎంవేర్ అమ్మిన లైసెన్సుల కట్ట) చవగ్గా ఇస్తామంటున్నారు. ఉచిత సాఫ్ట్‌వేరే కదా, మేం చేసిన తప్పేమిటి? ఆ కిట్ కొంటే సరిపోతుందా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. ఉచిత లైసెన్స్ మీద నడిచే ఈఎస్ఎక్స్ఐ సర్వర్‌ను వీసెంటర్ తనలో చేర్చుకోదు. ఉచిత వెర్షన్‌కు పెట్టిన హద్దుల్లో ముఖ్యమైనది అదే. సర్వర్ ఒంటరిగా నడవాలి, బయటి ప్రోగ్రాములు దాన్ని చూడగలవే గానీ మార్పులు చేయలేవు. మీ మూడూ వీసెంటర్‌లో కనిపిస్తున్నాయంటే మీ కుర్రాడు సర్వర్ల కీలు కూడా మార్చి ఉండాలి, లేదా అవి 60 రోజుల ట్రయల్‌లో నడుస్తూ ఉండాలి. అంటే లైసెన్స్ లేనిది ఒక్క వీసెంటరే కాదు, మొత్తం నాలుగు. ముందు దీన్ని తేల్చుకోండి. ఒక్కో సర్వర్ వెబ్ పేజీలో మేనేజ్, ఆ తర్వాత లైసెన్సింగ్ తెరిస్తే కీ, గడువు తేదీ కనిపిస్తాయి. వీసెంటర్‌లో అయితే అడ్మినిస్ట్రేషన్ కింద లైసెన్సింగ్‌లో చూడాలి.

ట్రయల్ అని తేలినా ఊరట లేదు. అది పరీక్షించి చూసుకోవడానికే తప్ప రోజువారీ వ్యాపారం నడపడానికి కాదని షరతుల్లోనే ఉంటుంది. గడువు తీరగానే సర్వర్లు వీసెంటర్ నుంచి విడిపోతాయి. నడుస్తున్న వర్చువల్ మెషీన్లు నడుస్తూనే ఉంటాయి, ఆగినవి మాత్రం మళ్లీ ఆన్ కావు. రాత్రి కరెంటు పోయి యూపీఎస్ కూడా చేతులెత్తేస్తే, తెల్లారి మీ బిల్లింగ్ తెరుచుకోదు.

ఇక లెక్క. ఒకేచోట నుంచి నడపాలంటే నడిపించే వీసెంటర్‌కూ, నడిచే ప్రతి సర్వర్‌కూ రెండువైపులా లైసెన్స్ ఉండాలి. పాత పద్ధతిలో వీసెంటర్‌కు ఒకటి, ప్రాసెసర్‌కు ఒకటి చొప్పున శాశ్వత లైసెన్సులు దొరికేవి. 2023 నవంబరు 22న వీఎంవేర్‌ను కొన్న బ్రాడ్‌కామ్, ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసింది. ఇప్పుడంతా చందా పద్ధతి. వీసెంటర్ అందులో కలిసే వస్తుంది, లెక్క మాత్రం కోర్ల మీద. ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లున్నా కనీసం 16గా లెక్కిస్తారు. మీకు నిజంగా ఉన్నవి 72 కోర్లు. మూడు సర్వర్లు, ఆరు ప్రాసెసర్లు, ఒక్కోదానికి 16 చొప్పున మీరు కొనాల్సినవి 96. లేని 24 కోర్లకు డబ్బు కట్టడం అన్యాయమనిపిస్తుంది గానీ, ఒప్పందంలో అలా ఉంటే కోర్టులో ఆ వాదన నిలవదు. ప్యాకేజీలు, కనీస కొనుగోలు షరతులు తరచూ మారుతున్నాయి, డీలర్ నుంచి కొటేషన్ రాతలోనే తీసుకోండి.

పాత కిట్ బేరం మాత్రం వద్దు. ఎసెన్షియల్స్ కిట్ సరిగ్గా మూడు సర్వర్లకు, సర్వర్‌కు రెండు ప్రాసెసర్లకు చేసిందే కాబట్టి మీకు కొలిచి కుట్టినట్టు అనిపిస్తుంది. అయితే వాళ్లు మీకు అమ్మజూపుతున్నది కీ, లైసెన్స్ కాదు. కీ అంటే ఒక అంకెల వరుస. లైసెన్స్ అంటే ఎవరి పేరున, ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే అనుమతి. ఆ ఒప్పందాల్లో సాఫ్ట్‌వేర్ యజమాని రాతపూర్వక సమ్మతి లేకుండా మరొకరికి బదిలీ చేయరాదని ఉంటుంది. సమ్మతి పత్రం చూపించమనండి. చూపించలేకపోతే కట్టిన డబ్బుకు చేతిలో మిగిలేది ఒక ఇన్‌వాయిస్, దానితో పాటు రెండో కాపీరైట్ తగాదా. పైగా అది 7 వెర్షన్ కిట్ అయితే దాని సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 2తో అయిపోయింది.

చట్టం సంగతి. కాపీరైట్ చట్టం, 1957 కింద కంప్యూటర్ ప్రోగ్రాం సాహిత్య రచనతో సమానం. అక్రమ కాపీ అని తెలిసి కంప్యూటర్ మీద ప్రోగ్రాం వాడితే 63బి సెక్షన్ వర్తిస్తుంది: కనీసం ఏడు రోజులు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా. జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టే వెసులుబాటు ఉన్నా, అది లాభం కోసం, వ్యాపారంలో వాడని వారికే. 63 సెక్షన్ కింది నేరం (కాపీరైట్ ఉల్లంఘన) కాగ్నిజబుల్, అంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగలది, నాన్‌బెయిలబుల్ కూడా అని 2022లో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 63బిలోనూ గరిష్ఠ శిక్ష మూడేళ్లే కాబట్టి దీన్నీ తేలిగ్గా తీసుకోలేం. నష్టపరిహారం, వాడకం ఆపే ఇంజంక్షన్ సివిల్ దావాలో వేరుగా ఉంటాయి.

ఈ సెక్షన్‌లో ప్రాణమంతా ‘తెలిసి’ అన్న మాటలో ఉంది. మీకు ఈమెయిల్‌లో వచ్చిన నోటీసు రాకముందు తెలియదని వాదించే చోటు కొంత ఉంది. నోటీసు చదివాక కూడా అదే కీతో నడిపితే ఆ చోటు పోయినట్టే. కుర్రాడే చేశాడన్న మాట కంపెనీని కాపాడదు. 69 సెక్షన్ కింద వ్యాపారం చూసే డైరెక్టర్ కూడా, తనకు తెలియకుండా జరిగిందనో, జరగకుండా తగిన జాగ్రత్త తీసుకున్నాననో తానే రుజువు చేసుకోవాలి.

నోటీసుకు ఇలా చేయండి. అది నిజంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచో, దాని అధికారం ఉన్న సంస్థ నుంచో వచ్చిందా అని అధికార పత్రం అడగండి. ఈలోగా వీసెంటర్‌ను పీకేసి లాగ్‌లు చెరిపే పని చేయొద్దు. సాక్ష్యంగా రాకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం భారతీయ న్యాయ సంహిత 241 కింద వేరే నేరం. స్క్రీన్‌షాట్లు తీసుకుని, అక్రమ కీతో వాడకం ఆపండి. సర్వర్ వారీగా ప్రాసెసర్లు, కోర్లు, కీ, గడువు, కొన్న బిల్లు ఒక పట్టికలో రాయండి. బిల్లు లేనిచోట ఖాళీగానే వదలండి. ఆ పట్టికను నేరుగా వాళ్లకు పంపొద్దు, ముందు మీ వకీలుకు చూపించండి. ఆడిట్ హక్కు మీరు ఒప్పుకున్న షరతుల్లో ఎంతవరకు ఉందో చూశాకే ఏం ఇవ్వాలో తేలుతుంది. ఇలాంటివి చాలావరకు లైసెన్సులు కొనుక్కుని, పాత వాడకానికి కొంత కట్టి రాజీ చేసుకునేవే. కాకపోతే రాజీ పత్రంలో గత వాడకంపై సివిల్, క్రిమినల్ చర్యలు తీసుకోబోమన్న వాక్యం లేకుండా సంతకం పెట్టకండి.

అంత ఖర్చు భరించలేమనుకుంటే ప్రాక్స్‌మాక్స్ లాంటిది చూడండి. ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద వచ్చే ఆ సాఫ్ట్‌వేర్‌లో మూడు సర్వర్లను క్లస్టర్‌గా కలిపి ఒకేచోట నుంచి నడపడానికి లైసెన్స్ రుసుము లేదు. సపోర్ట్ కావాలంటేనే ప్రాసెసర్ సాకెట్ లెక్కన చందా.

దేనికి మారినా, లోపల నడిచే విండోస్ సర్వర్ల లెక్క వేరే. స్టాండర్డ్ ఎడిషన్‌తో ఒక సర్వర్‌లోని 24 కోర్లకూ లైసెన్స్ తీసుకుంటే అక్కడ రెండు విండోస్ మెషీన్లు నడపొచ్చు, నాలుగు కావాలంటే మళ్లీ 24 కోర్లకు తీసుకోవాలి. మౌస్‌తో లాగి ఒక మెషీన్‌ను పక్క సర్వర్‌కు తోసినప్పుడు లైసెన్స్ దాని వెంట రాదు. దాన్ని ఒక సర్వర్ నుంచి తీసి మరోదానికి పెట్టాలంటే, హార్డ్‌వేర్ పూర్తిగా పాడైన సందర్భంలో తప్ప, 90 రోజులు ఆగాలి. అందుకని ఏ సర్వర్ మీదికి ఎక్కువలో ఎక్కువ ఎన్ని విండోస్ మెషీన్లు వచ్చి చేరగలవో, అన్నింటికీ సరిపడా లైసెన్స్ ఆ సర్వర్‌కే ముందుగా ఉండాలి. మీ పట్టికలో దీనికీ ఒక గడి పెట్టుకోండి.