ఆ ప్లేటు తిరిగి ఇచ్చి రండి

ప్రశ్న: మాది సిద్దిపేట. నాకు 33 ఏళ్ళు. బీఈడీ చేసి ఆరేళ్ళు ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పాను. మా ఆయన సివిల్ ఇంజినీరు. రెండేళ్ళ క్రితం 491 వీసా మీద, అంటే మహానగరాలకు దూరంగా ‘రీజినల్’ ప్రాంతాల్లో ఉండాల్సిన తాత్కాలిక వీసా మీద ఆస్ట్రేలియా వచ్చాం. విక్టోరియాలో హార్షమ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో ఉంటున్నాం. చుట్టూ గోధుమ పొలాలే. మేం తప్ప తెలుగువాళ్ళు లేరు. పాపకు ఏడేళ్ళు, బాబుకు మూడు. నాకు కారు నడపడం రాదు. వచ్చిన కొత్తలో పాప స్కూల్ వాళ్ళు ఒక సాయంత్రం అందరినీ పిలుస్తూ ‘ప్లేట్ తీసుకురండి’ అన్నారు. ప్లేట్లు తక్కువ పడతాయేమో అనుకుని ఖాళీ ప్లేటు పట్టుకెళ్ళాను. మిగతా అందరి ప్లేట్లలో తినేవి ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు గానీ ఆ రోజు నుంచి ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాలేదు. కిందటి క్రిస్మస్‌కి పక్కింటి పెద్దావిడ ‘మిన్స్ పైస్’ అంటూ ప్లేటు నిండా తెచ్చిచ్చింది. మిన్స్ అంటే కీమా కదా అని పారేశాను. ఆ ప్లేటు ఇంకా నా దగ్గరే ఉంది. సంక్రాంతికి పెరట్లో భోగి మంట వేద్దామంటే నిషేధం అన్నారు. ఈసారి సద్దుల బతుకమ్మ నాడు నాలుగు పూలు పళ్ళెంలో పేర్చి, అమ్మవాళ్ళు ఆడుతుంటే ఫోన్లో చూస్తూ కూర్చున్నాను. పాప వచ్చి ‘మనకి పండగంటే ఫోన్లో చూసేదేనా మమ్మీ’ అంది. ఇప్పుడు క్రిస్మస్ చెట్టు కావాలని ఏడుస్తోంది. చెట్టు పెడితే పిల్లలు మనకు కాకుండా పోతారని అత్తమ్మ వీడియో కాల్‌లో అంటోంది. మెల్‌బోర్న్ వెళ్ళిపోదాం అంటే మా ఆయన ‘ఇంకో ఏడాది ఓపిక పట్టు, లేకపోతే పీఆర్ (శాశ్వత నివాసం) పోతుంది’ అంటారు. రోజూ గొడవే. రెండు నెలలుగా సరిగా నిద్ర లేదు, పొద్దున లేవబుద్ధి కావడం లేదు. పిల్లల్ని తీసుకుని ఇండియా వచ్చేయాలా?

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ ఒకే మాట దగ్గర ఆగాను. ‘ఆ ప్లేటు ఇంకా నా దగ్గరే ఉంది.’ దాని గురించి మళ్ళీ చెబుతాను. ముందు మీ నిద్ర సంగతి చూడాలి.

రెండు నెలలుగా నిద్ర లేకపోవడం, పొద్దున మంచం దిగాలనిపించకపోవడం, ఈ రెండూ కలిసి ఉంటే దాన్ని ఇంటి మీద బెంగ అని వదిలేయకూడదు. ఈ వారమే మీ ఊరి జీపీ (మామూలు డాక్టరు) దగ్గరికి వెళ్ళండి. 491 వీసా ఉన్నవాళ్ళకు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ వర్తిస్తుంది. డాక్టరుకు పరిస్థితి చెబితే ‘మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్’ రాసిస్తారు. దాంతో ఏడాదికి పది సార్ల వరకు సైకాలజిస్టును కలిసినప్పుడు ఫీజులో కొంత వెనక్కి వస్తుంది. వీడియోలో మాట్లాడే సైకాలజిస్టులు కూడా ఉంటారు కాబట్టి కారు రాకపోవడం అడ్డు కాదు. మనసులో మాట తెలుగులోనే బయటికి వస్తుందనుకుంటే, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని క్లినిక్ వాళ్ళను అడగండి. ప్రభుత్వ ఇంటర్‌ప్రెటర్ సర్వీసు నంబరు 131 450. ఏ రాత్రయినా ఇక బతకడమే భారంగా అనిపిస్తే 13 11 14కి ఫోన్ చేయండి. అది లైఫ్‌లైన్ నంబరు, 24 గంటలూ పలుకుతారు. మీరు ఆ స్థితిలో ఉన్నారని అనడం లేదు. కానీ నాలుగు గోడల మధ్య ఒక్కతే ఉండే మనిషి దగ్గర ఆ నంబరు ఉండాలి.

ఇక పండగ సంగతి. మా అమ్మ గురించి ఒక మాట చెబుతాను. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల పెళ్ళయిన వెంటనే మధ్యప్రదేశ్‌లో ఒక చిన్న స్టేషన్ క్వార్టర్స్‌కి వెళ్ళింది. హిందీ ముక్క రాదు. మొదటి సంక్రాంతికి సకినాలు చేసింది. ఎవరికి ఇవ్వాలో, ఏమని చెప్పి ఇవ్వాలో తెలియక డబ్బాలోనే ఉంచింది. నెల తర్వాత అవి మెత్తబడిపోతే పారబోసింది. డెబ్బై ఏళ్ళు వచ్చాక కూడా ఆ సంగతి చెప్పేటప్పుడు అమ్మ గొంతు మారిపోయేది. తినేవాళ్ళు లేరన్న బాధ కాదు అది, పెట్టడానికి మనిషి లేడన్న బాధ.

మీది కూడా అదే బాధ అని నాకు అనిపిస్తోంది. బతుకమ్మ అంటే మీకు కోమటిచెరువు కట్ట గుర్తొస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. చెరువు దగ్గరికి వెళ్ళేముందు తంగేడు, గునుగు తెచ్చిచ్చిన మనిషి ఒకరు ఉంటారు. పేర్చేటప్పుడు పక్కన కూర్చుని పూలు అందించే వదినో చెల్లెలో ఉంటుంది. ఆట అయ్యాక సత్తుపిండి, మలీద ఒకరి చేతిలో ఒకరు పెట్టుకుంటారు. ఒక్కరే తిరుగుతూ బతుకమ్మ ఆడలేరు కదా. ఫోన్లో చూస్తుంటే పాట వినిపిస్తుంది గానీ మన చేతిలో ఎవరూ ఏమీ పెట్టరు. అందుకే ఆ రోజు మీకు అంత ఖాళీగా అనిపించింది.

ఖాళీ ప్లేటు పట్టుకెళ్ళినందుకు ఇంతగా సిగ్గుపడ్డారు. ఆస్ట్రేలియాకు కొత్తగా వచ్చినవాళ్ళకు ఈ అనుభవం ఎంత మామూలో మీకు తెలిస్తే మనసు తేలికపడుతుంది. ‘బ్రింగ్ ఎ ప్లేట్’ అంటే ఇంట్లో చేసినది ఒక ప్లేటులో పెట్టి తెమ్మని వాళ్ళ వాడుక. కొన్ని తరాలుగా ఎంతోమంది వలసవాళ్ళు మీలాగే ఖాళీ ప్లేట్లతో వెళ్ళారు. మీ పాత వీధిలో జరిగేది కూడా ఇదే కదా. ఇంటింటికీ ఒక గిన్నె వెళ్తుంది, ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. మీకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన పద్ధతినే వాళ్ళు వేరే మాటలో చెప్పారు.

మిన్స్ పైస్ గురించి కూడా చెప్పాలి. క్రిస్మస్‌కి చేసే ఈ పైల లోపల ఉండేది కీమా కాదు. ఎండుద్రాక్ష, ఆపిల్, నిమ్మతొక్క, దాల్చినచెక్క లాంటివి కలిపిన తీపి ముద్ద. పూర్వం అందులో నిజంగానే మాంసం ఉండేది, ఆ పేరు అప్పటి నుంచి మిగిలిపోయింది. ఇప్పటికీ కొందరు సూయెట్ అనే పశువుల కొవ్వు కలుపుతారు, కొందరు వెన్నతో చేస్తారు. కాబట్టి మీ అనుమానం మరీ తప్పేమీ కాదు. ఈసారి ‘మేం బీఫ్ తినం, ఇందులో సూయెట్ ఉందా?’ అని నేరుగా అడగండి. పల్లెటూళ్ళో పెద్దవాళ్ళు ఆ మాటకు నొచ్చుకోరు. తినే మనిషి అడిగితే చేసిన మనిషికి సంతోషమే.

భోగి మంట వద్దన్నది మీ పండగ మీద కోపంతో కాదు. మీరుండే విమ్మెరా ప్రాంతంలో గోధుమ, బార్లీ, మసూర్, శనగల కోతలు నవంబరు, డిసెంబరుల్లో నడుస్తాయి. జనవరికి ఎటు చూసినా ఎండిన కొయ్యకాళ్ళు, పైన 40 డిగ్రీలు దాటే ఎండలు. ఎండ, గాలి మరీ ఎక్కువైన రోజుల్లో నిప్పురవ్వ పడుతుందని కోత యంత్రాలనే ఆపేస్తారు. రైతుబిడ్డకు ఈ భయం అర్థమవుతుంది. భోగి నాడు గడపలో దీపం పెట్టి, సాయంత్రం మీ బాబుకు భోగిపళ్ళు పోయండి. రేగిపళ్ళు దొరక్కపోతే అప్పుడు దొరికే చెర్రీలు, ముర్రే నది పక్కన పండే సుల్తానా ఎండుద్రాక్ష, నానబెట్టిన శనగలు, పూల రేకులు, చిల్లర నాణేలు చాలు. శనగలు మీ చుట్టుపక్కల పొలాల్లో పండినవే కావచ్చు. అక్షింతలు వేయడానికి పక్కింటి ఆవిడను పిలవండి. చిన్నపిల్లాడి తల మీద పళ్ళు పోసి దీవించమంటే కాదనే ముసలమ్మ ఏ దేశంలోనూ ఉండదు.

ఆ ఊరి క్రిస్మస్‌ను కూడా ఈ కళ్ళతో ఒకసారి చూడండి. క్రిస్మస్‌లోపు పంట కోసి ఒబ్బిడి చేసుకోవాలని రైతులు రాత్రీపగలూ పని చేస్తారు. కోత ముగిసింది, ధాన్యం చేరింది, అందరూ ఇంటికి వచ్చారు. మన సంక్రాంతి కూడా ఇదే కదా. డిసెంబరు సాయంత్రాల్లో చాలా ఊళ్ళలో శాంటా వేషం వేసుకున్న మనిషి వాలంటీర్ల ఫైరింజన్ ఎక్కి వీధులు తిరుగుతాడు, పిల్లలకు మిఠాయిలు పంచుతాడు. మీ పాపను గుమ్మంలో నిలబెట్టండి, మీరూ పక్కన నిలబడండి. మంటలు వస్తే ముందుగా వచ్చేది ఆ ఇంజన్ మీది మనుషులే. వాళ్ళ మొహాలు మీకు, మీ మొహం వాళ్ళకు తెలిసి ఉండాలి.

చెట్టు పెట్టండి. ఈ విషయంలో నాకు సందేహం లేదు. క్లాసులో అందరి ఇళ్ళలో ఉన్నది తన ఇంట్లో లేకపోతే ఏడేళ్ళ పిల్ల ‘మేం వేరే’ అనుకుంటుంది. ఆ ‘వేరే’ అన్నది సిగ్గుగా మారి, రేపు బొట్టు పెట్టుకోవడానికీ ఇష్టపడకపోవచ్చు. తల్లి తన సంతోషంలో పాలుపంచుకుంటే, తల్లి సంతోషంలో పాలుపంచుకోవడం తనకూ వస్తుంది. అత్తమ్మగారి మీద కోపం తెచ్చుకోకండి. మనవరాలు తనకు దూరమైపోతుందని ఆమె భయం, ఆమె మాటల వెనక ఉన్నదంతా అదే. మీ సిద్దిపేటకు దగ్గర్లోనే మెదక్ చర్చి ఉంది. 1924 క్రిస్మస్ నాడు తలుపులు తెరిచిన ఆ చర్చికి ఈ వందేళ్ళలో ఎందరు హిందువులు పండగ నాడు వెళ్ళి వచ్చారో ఆమెకు తెలియనిది కాదు. ఆ మాట గుర్తుచేయండి. వారానికి ఒకరోజు నానమ్మ ఫోన్లో పాపకు ఒక బతుకమ్మ పాట నేర్పాలి అని పని అప్పజెప్పండి. భయపడే పెద్దవాళ్ళకు చేతిలో పని పెడితే భయం సగం తగ్గుతుంది.

మీ ఆయన మాట పూర్తిగా తప్పు కాదు. 491 మీద మూడేళ్ళు రీజినల్ ప్రాంతంలో ఉండి, మూడేళ్ళ పన్ను పత్రాలు చూపిస్తేనే 191, అంటే శాశ్వత నివాసం. మెల్‌బోర్న్ వెళ్తే నిబంధన తప్పినట్టే. కానీ మీ ఇద్దరి గొడవలో ‘ఈ ఊరు లేదా మెల్‌బోర్న్’ అని రెండే దారులు కనిపిస్తున్నాయి. బల్లారట్, బెండిగో, జీలాంగ్ కూడా వీసా లెక్కలో రీజినలే. అవి పెద్ద ఊళ్ళు, మనవాళ్ళు దొరుకుతారు, మెల్‌బోర్న్ గుళ్ళకు ఒక్క రోజులో వెళ్ళి రావచ్చు. ఉద్యోగం మారాలి, మీ వీసాకు రాష్ట్రం పెట్టిన షరతులేమైనా ఉన్నాయేమో రిజిస్టర్డ్ మైగ్రేషన్ ఏజెంటును అడగాలి. అయినా అది ఉన్న దారే. ఒక ఆదివారం పిల్లలు పడుకున్నాక కాగితం ముందు పెట్టుకుని కూర్చోండి. ‘ఓపిక పట్టు’ అనే మాటకు బదులు ఒక తేదీ రాయమనండి. ఫలానా నెలకు మనం ఇక్కడ ఉందామా, బల్లారట్ వెళ్దామా తేలుస్తాం అని. తేదీ ఉన్న ఓపిక మనిషి పట్టగలదు. మీ నిద్ర సంగతి, డాక్టరు సంగతి ఆయనకు అప్పుడే చెప్పండి, గొడవ మధ్యలో కాదు. తనే ఈ ఊరికి తెచ్చానన్న బరువు ఆయన మీదా ఉండి ఉంటుంది. మగవాళ్ళు దాన్ని ‘పీఆర్’ అనే మాట వెనక దాచుకోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను.

అదే కాగితం మీద డ్రైవింగ్ అని పెద్ద అక్షరాలతో రాయండి. బస్సు లేని ఊళ్ళో కారు రాకపోతే ఏ పండగైనా భర్త సెలవు మీద ఆధారపడాల్సిందే. విక్టోరియాలో 25 ఏళ్ళు దాటినవాళ్ళు లెర్నర్ పర్మిట్ తీసుకున్న మూడు నెలలకే లైసెన్సు పరీక్షకు వెళ్ళవచ్చు. ఈ నెల మొదలుపెడితే చలికాలం రాకముందే హార్షమ్‌కి మీరే నడుపుకుని వెళ్తారు. పిల్లలతో పని చేయడానికి కావలసిన అనుమతి, ‘వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్’, వాలంటీర్లకు ఉచితం. అది తీసుకుని పాప స్కూల్లో వారానికి ఒక గంట పిల్లలతో పుస్తకాలు చదివించండి. ఆరేళ్ళు టీచరుగా పని చేసిన మనిషి మీరు.

ఇండియా వెళ్ళడం గురించి అడిగారు. చూసి రావడానికైతే తప్పకుండా వెళ్ళండి, తిరుగు టికెట్ కొనుక్కుని వెళ్ళండి. గొడవపడి, పిల్లలను తీసుకుని వెళ్ళిపోవడానికి మాత్రం ఇప్పుడు వద్దంటాను. నిద్ర లేని మనిషి తీసుకునే పెద్ద నిర్ణయం మీద నాకు నమ్మకం లేదు. డాక్టరును కలిసి, రెండు మూడు నెలలు గడిచాక కూడా అదే అనిపిస్తే మళ్ళీ రాయండి, అప్పుడు వేరేగా మాట్లాడుకుందాం.

వచ్చే ఏడాది, అంటే 2026లో, అధిక మాసం వల్ల బతుకమ్మ అక్టోబరులోకి జరుగుతుంది. అప్పటికి స్కూళ్ళు తెరిచి ఉంటాయి, మీ పాప స్నేహితులు ఊళ్ళోనే ఉంటారు. ఏప్రిల్‌లో క్యాలెండ్యులా విత్తనాలు చల్లండి. అచ్చం బంతిలా ఉండే నారింజ రంగు పూలు వసంతంలో విరగబూస్తాయి, చలికి ఓర్చుకుంటాయి. ఆ పూలతో చిన్న బతుకమ్మ చాలు. నలుగురు తల్లులు, ఎనిమిది మంది పిల్లలు, చప్పట్లు, ‘ఉయ్యాలో’. మలీదకు గోధుమ పిండి మీ ఊరిదే.

అదంతా అక్టోబరు మాట. ఇప్పుడు డిసెంబరు. ఈ శనివారం గరిజెలు చేయండి, పాప చేత మడతలు వేయించండి. ఆ ప్లేటు కడిగి, గరిజెలు పేర్చి, పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళండి. ఆలస్యమైందని చెప్పండి. మా ఊళ్ళో గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు, అందుకే ఇన్నాళ్ళు ఉంచుకున్నాను అని చెప్పండి. అది నిజమే కదా. లోపల నువ్వులు, కొబ్బరి ఉన్నాయని మాత్రం ముందే చెప్పండి, కొందరికి పడవు.