మెయిల్ ఇవాళ్టిది, అటాచ్‌మెంట్ నిన్నటిది

ప్రశ్న: మాది పైపులు, శానిటరీ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం. రోజూ పొద్దున ఆరింటికి మా వెబ్ సాఫ్ట్‌వేర్ దానంతటదే డీలర్లందరికీ రేట్ల లిస్టు పీడీఎఫ్ మెయిల్ చేస్తుంది. కొన్నాళ్లుగా మెయిల్ టైముకే వస్తోంది గానీ లోపలి పీడీఎఫ్‌లో నిన్నటి రేట్లు ఉంటున్నాయి. సైట్లోకి వెళ్లి డౌన్‌లోడ్ చేస్తే మాత్రం కొత్తవే. పాత రేటుకే సరుకివ్వమని డీలర్లు పట్టుబడుతున్నారు. సాఫ్ట్‌వేర్ చేసిన కుర్రాడేమో ‘అది జీమెయిల్ క్యాష్ సార్, మన చేతిలో లేదు’ అంటున్నాడు. నిజమేనా? – ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: కాదండీ. క్యాష్ అంటే మళ్లీ వాడుకోవడానికి దాచిపెట్టుకున్న పాత కాపీ. జీమెయిల్ మీదకు నెట్టేయడం తేలిక, అదొచ్చి కాదనదు కదా! అటాచ్‌మెంట్ అంటే లింకు కాదు, ఫైలు మొత్తం అక్షరాలుగా మారి మెయిల్లోనే కూర్చుని వెళ్తుంది. 1992లో వచ్చిన మైమ్ (మెయిల్లో ఫైళ్లు పంపే ప్రమాణం) పద్ధతి ఇప్పటికీ అదే, అందుకే మెయిల్లో ఫైలు సైజు దాదాపు మూడో వంతు పెరుగుతుంది కూడా. మీ సర్వర్ ఏ కాపీ జతచేస్తే అవతల అదే తెరుచుకుంటుంది. అంటే మెయిల్ పంపే నిమిషానికే సర్వర్ చేతిలో ఉన్నది పాత లిస్టు.

డీలర్ల జాబితాలో మీ మెయిల్ ఐడీ కూడా పెట్టుకోండి. వచ్చిన పీడీఎఫ్‌ను కంప్యూటర్లో తెరిచి, ప్రాపర్టీస్‌లో ‘క్రియేటెడ్’ అన్నచోట ఏ తేదీ, ఏ టైమ్ ఉందో చూడండి. నిన్న పొద్దున ఆరూ ఐదుకు తయారైనట్టు ఉంటే కథ తేలిపోయినట్టే, మెయిల్ ముందు వెళ్తోంది, ఫైలు తర్వాత తయారవుతోంది. ఇలాంటి చోట రెండు క్రాన్ జాబ్‌లు (చెప్పిన టైముకు సర్వర్ దానంతటదే చేసే పనులు) ఉంటాయి, ఒకటి ఆరింటికి పీడీఎఫ్ చేయమని, ఇంకొకటి ఆరింటికే మెయిల్ పంపమని. ఐటమ్‌లు తక్కువున్నప్పుడు పీడీఎఫ్ క్షణాల్లో అయిపోయేది కాబట్టి ఎవరికీ తెలియలేదు, ఇప్పుడు లిస్టు పెరిగి నాలుగైదు నిమిషాలు పడుతుంటే మెయిల్ జాబ్ దానికోసం ఆగదు, ఫోల్డర్లో అదే పేరుతో నిన్నటి ఫైలు ఉంది కాబట్టి దాన్నే పట్టుకుపోతుంది. మెయిల్‌ను ఆరుంబావుకు జరిపితే సరిపోతుందని మీ కుర్రాడు అంటాడు, ఒప్పుకోకండి. లిస్టు ఇంకా పెరిగాక మళ్లీ ఇదే గోల. పీడీఎఫ్ పని పూర్తయ్యాక ఆ పనే మెయిల్ పనిని మొదలుపెట్టాలి, ఫైలు పేరులో తేదీ ఉండాలి, ఇవాళ్టి తేదీ ఫైలు దొరక్కపోతే మెయిల్ ఆగిపోయి మీకు ఎర్రర్ రావాలి. పాత రేట్లు వెళ్లడం కన్నా అసలేమీ వెళ్లకపోవడమే మీకు చవక.

ఫైలు ఎంత పాతది అన్నదే ఇక్కడ అసలు క్లూ. ఏదో ఒక తేదీ దగ్గర ఆగిపోయి వారమైనా కదలకపోతే, కోడ్‌లో ‘ఫైలు ఉంటే మళ్లీ తయారుచేయకు’ అనే లైను ఉందేమో వెతికించండి. సర్వర్‌కు బరువు తగ్గుతుందని పెట్టి మరిచిపోతుంటారు. డిస్కు నిండిపోయినా, ఫోల్డర్లో రాసే పర్మిషన్ పోయినా ఇదే లక్షణం. ఒకరోజు కొత్తది, ఒకరోజు పాతది వస్తుంటే సర్వర్లు రెండున్నాయా అని అడగండి, ఫైలు ఒకదాని డిస్కులో పడి మెయిల్ రెండోదాని నుంచి వెళ్తే ఇలాగే ఉంటుంది. లింకు నుంచి ఫైలు తెచ్చి జతచేస్తుంటే మధ్యలో సీడీఎన్‌ను (ఫైళ్ల కాపీలు దాచుకుని వేగంగా అందించే సర్వర్ల వ్యవస్థ) అనుమానించాలి, అలాంటిదే అయిన అమెజాన్ క్లౌడ్‌ఫ్రంట్‌కు మనమేమీ చెప్పకపోతే 24 గంటల దాకా పాత కాపీనే ఇవ్వగలదు. ‘ఎస్‌3లో (ఫైళ్లు దాచే అమెజాన్ సర్వీసు) అప్‌డేట్ లేటవుతుంది’ అన్న సాకు మాత్రం చెల్లదు, 2020 డిసెంబరు నుంచి అక్కడ ఫైలు మార్చగానే కొత్తదే చదవొచ్చు.

పీడీఎఫ్ ఇవాళే తయారై, లోపల రేట్లు మాత్రం నిన్నటివైతే అప్పుడు గడియారం చూడాలి. చాలా సర్వర్లు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో నడుస్తాయి, మనకన్నా ఐదున్నర గంటలు వెనక. మనకు తెల్లవారుజామున ఐదైతే దానికింకా నిన్న రాత్రి పదకొండున్నరే, రేట్లు తీసే పని మన ఐదున్నరకు ముందే నడుస్తుంటే ‘ఈరోజు రేట్లు’ అంటే నిన్నటివే తీసిస్తుంది.

ప్రశ్న: కంపెనీ అడ్రస్, జీఎస్‌టీ నంబరు మారాయి. లారావెల్ (వెబ్‌సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్) కాన్ఫిగ్‌లో, అంటే సెట్టింగుల్లో, పీడీఎఫ్ చేసే క్లాసులో మార్చేశాం. సైట్లో ఇన్‌వాయిస్ కొత్తగానే ఉంది, మెయిల్లో వెళ్లేది పాతదే. క్యాష్ క్లియర్ చేసీ చేసీ విసుగొచ్చింది. – ఓ డెవలపర్, హైదరాబాద్

జవాబు: క్యూ వర్కర్‌ను, అంటే వెనకాల మెయిళ్లు పంపే ప్రోగ్రామ్‌ను, రీస్టార్ట్ చేశారా? సైట్ తెరిచిన ప్రతిసారీ కోడ్ మొదటి నుంచి నడుస్తుంది, వర్కర్ అలా కాదు, ఒకసారి లేచిందంటే అప్పటి కోడ్‌నూ కాన్ఫిగ్‌నూ మెమరీలో పెట్టుకుని వారాల తరబడి అలాగే మెయిళ్లు పంపుతూ కూర్చుంటుంది. లారావెల్‌కు కమాండ్లిచ్చే ఆర్టిసన్‌లో క్యూ రీస్టార్ట్ కమాండ్ ఇవ్వండి, కొత్త కోడ్‌ను సర్వర్‌కు ఎక్కించే డిప్లాయ్ స్క్రిప్టులోనే చేర్చేయండి. అయితే ఒక మాట: ఆ కమాండ్ వర్కర్లను చేతిలో ఉన్న పని కాగానే ఆగమంటుందే తప్ప తిరిగి లేపదు. లేపడానికి సూపర్‌వైజర్ అనే ప్రోగ్రామ్ లాంటిది లేకపోతే పాత ఇన్‌వాయిస్‌లే కాదు, కొత్తవి కూడా వెళ్లవు. పైథాన్‌లో ఇలాంటి పనులకు సెలరీ అనే టూల్ వాడేవాళ్లకూ ఇదే తంతు.

ప్రశ్న: మేం పంపింది కొత్త ఫైలే, లాగ్‌లోనూ ఉంది, అయినా కస్టమర్ పాతదే వచ్చిందంటాడు. ఏం చేయాలి?

జవాబు: స్క్రీన్‌షాట్ కాకుండా ఆ మెయిల్‌నే ఫార్వర్డ్ చేయమనండి, అటాచ్‌మెంట్‌తో సహా మీ దగ్గరికొస్తుంది, మీ ఫైలుతో చెక్‌సమ్ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చి చూసుకోవచ్చు. ఎక్కువసార్లు ఫైలు సరైనదే అని తేలుతుంది. సబ్జెక్టు రోజూ ఒకటే అయితే జీమెయిల్ వాటిని ఒకే వరుసలో దొంతర పెట్టే అవకాశం ఉంది, ఆయన పైన కనబడిన పాతదాన్ని నొక్కుతాడు. ఫైలు పేరూ ఒకటే అయితే ఫోన్ డౌన్‌లోడ్స్‌లో అలాంటివి పది ఉంటాయి. సబ్జెక్టులో, ఫైలు పేరులో తేదీ పెట్టండి, పీడీఎఫ్ ప్రతి పేజీ కిందా తయారైన తేదీ, టైమ్ అచ్చు వేయండి. రేపు ఆయన వాట్సాప్‌లో ఒక్క పేజీ ఫొటో తీసి పంపినా అది ఎప్పటిదో మీకు వెంటనే తెలుస్తుంది.